పక్క నుంచి వినిపించిన గొంతు

ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదు, ఆరు తరగతుల పిల్లలకు నాటకం నేర్పుతున్నాను. పీరియడు 50 నిమిషాలు. చేరిన కొత్తలో అందులో 45 నిమిషాలు పిల్లల చేత చేయించి, గంట కొట్టబోయే ముందు “ఎలా అనిపించింది?” అని అడిగేదాన్ని. “బాగుంది”, “సరదాగా ఉంది”, “వెనక్కి వినిపించలేదు”. ఎన్ని వారాలు గడిచినా అవే మూడు మాటలు. నా ఉచ్చారణ వాళ్ళకు అందడం లేదేమో, అందుకే ముక్తసరిగా జవాబిస్తున్నారేమో అని చాలా రోజులు మథనపడ్డాను. పరాయి దేశంలో పాఠం చెప్పేవాళ్ళను ఈ అనుమానం ఒక పట్టాన వదలదు. ఏది తప్పినా ముందు మన నాలుకనే నిందించుకుంటాం.

లోపం నా ప్రశ్నలో ఉందని తెలియడానికి ఏడాది పట్టింది. ఎలా ఉందని అడిగితే పదేళ్ళ పిల్ల తీర్పు చెప్పి ఊరుకుంటుంది. ఏం చూశావని అడిగితే చూసింది చెబుతుంది. “ముసలమ్మ పెట్టె ఎత్తబోయి రెండుసార్లు ఆగింది” అని ఎవరో ఒకరు అంటారు. ఎందుకు ఆగింది, బరువుకా, వెళ్ళడం ఇష్టం లేకా అని ఇంకొకరు అందుకుంటారు. అక్కడి నుంచి నేను పెద్దగా మాట్లాడనక్కర్లేదు.

ఇక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో నాటకం ఒక సబ్జెక్టు. సంగీతం, నృత్యం, చిత్రకళ, మీడియా కళలతో సమానంగా దానికీ చోటుంది. 2022లో వచ్చిన తొమ్మిదో రూపంలో ప్రదర్శించడం ఒక విభాగమైతే, పరిశీలించి స్పందించడం మరో విభాగం. మొదటిది నాకు వచ్చనే ధీమాతో ఉద్యోగంలో చేరాను. రెండోది పిల్లల దగ్గరే నేర్చుకున్నాను.

ఒక ఏడాది మేము ఎత్తుకున్న కథ ఒక జలాశయం గురించి. ఆనకట్ట కడుతున్నారు, ఊరు మునుగుతుంది, అందరూ ఖాళీ చేయాలి. రాసిపెట్టిన నాటకం ఏదీ లేదు. మొదట్లో పిల్లలే ఊరివాళ్ళు, నేను నోటీసు పట్టుకొచ్చే ఉద్యోగిని. టీచరు కూడా ఒక పాత్రలోకి దిగి కథను లోపలి నుంచే నడిపే ఈ పద్ధతికి బాట వేసినవారిలో డొరొతీ హీత్‌కోట్ ముఖ్యులు. 1926లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టి, పద్నాలుగేళ్ళకే బడి మానేసి ఉన్ని మిల్లులో పనికి వెళ్ళిన మనిషి, తర్వాత న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఉపాధ్యాయులకు పాఠాలు చెప్పారు. ఆమె నాటకాన్ని మధ్యలోనే ఆపి, ఇప్పుడేం జరుగుతోందో పిల్లలనే ఆలోచించమనేవారు. అంతా అయిపోయాక అడిగితే వేడి చల్లారిపోతుంది. నేను కూడా మధ్యలో ఆపడం మొదలుపెట్టాను. ఉన్నవాళ్ళు ఉన్నచోటే శిలల్లా నిలబడతారు. నేను వెళ్ళి ఒకరి భుజం తాకితే ఆ పాత్ర మనసులో ఉన్న మాట ఒకటి పైకి చెప్పాలి.

ఆ తర్వాత నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయాలి. ఒకటి “నేను” అని, ఒకటి “నా పాత్ర” అని మొదలవ్వాలి. ఇంగ్లీషు ఇంకా తడబడే పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో రాయవచ్చు, బొమ్మ వేసినా సరే. ఊరివాళ్ళకు గడువు తేదీ చదివి వినిపించే అధికారి పాత్ర వేసిన పాప ఒకరోజు ఇలా రాసింది: “నా పాత్రకు జాలి లేదు. నేను మాత్రం వాళ్ళ ముఖాలు చూడలేక కాగితం వైపే చూశాను.” చూసినవాళ్ళకు ఆ దించిన తల నిర్లక్ష్యంలా కనబడింది. కారణం వేరని తెలిశాక తరగతిలో పెద్ద చర్చే జరిగింది. ఈ రెండు వాక్యాల మీద నాకు అంత పట్టుదల ఉండడానికి మరో కారణం కూడా ఉంది. పాత్రనూ పిల్లనూ వేరు చేయకుండా గంట కొట్టేస్తే, చెడ్డ పాత్ర వేసిన పిల్లను ఆటస్థలంలో ఆ పేరుతోనే పిలుస్తారు. పదకొండేళ్ళ వయసులో అది చాలా బాధ పెడుతుంది.

టర్ము చివర తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. పిల్లలు కల్పించుకున్న మాటలనే అందుకోసం ఒక పుస్తకంలో రాసుకున్నాం. అంతకు ముందు వారం పూర్తి రిహార్సల్ పెట్టి, ట్యాబ్లెట్‌లో వీడియో తీశాం. ఆఖరి దృశ్యంలో ముసలమ్మ గుమ్మం పట్టుకుని కదలదు. కొడుకు పాత్ర వేసిన అబ్బాయి “అమ్మా, ఇక వెళ్దాం” అనాలి. వాడు నోరు తెరిచి ఆగిపోయాడు. తెర పక్కన పుస్తకం పట్టుకుని మాట అందించే మాస్టారు లేకుండా నా చిన్నప్పుడు ఏ నాటకమూ ఆడలేదు. అలవాటు నన్ను ఆగనివ్వలేదు. పక్క నుంచి గుసగుసగా ఆ మాట అందించాను. వాడు ఉలిక్కిపడి గబగబా అప్పజెప్పాడు, దృశ్యం ముగిసింది.

మర్నాడు అందరం కూర్చుని వీడియో చూశాం. ఆ చోటు రాగానే వాడు చెయ్యెత్తాడు. “మిస్, అక్కడ మీ గొంతు వినిపిస్తోంది.” నిజమే, స్పష్టంగా వినిపిస్తోంది, నా యాసతో సహా. మాట మరిచిపోయావు కదా అని అడిగాను. “ముందు మరిచిపోయాను,” అన్నాడు. “తర్వాత తన వేళ్ళు చూశాను. గుమ్మాన్ని గట్టిగా పట్టుకుని తెల్లగా అయిపోయాయి. అప్పుడు మాట గుర్తొచ్చింది. కానీ వెంటనే అనాలనిపించలేదు.”

ముసలమ్మ వేసిన పాప వెంటనే తన చేతులు చూసుకుంది. వీడియో వెనక్కి తిప్పి ఆ కాసిన్ని క్షణాలను మూడుసార్లు చూశాం. ఆ మౌనాన్ని ఉంచేద్దామన్నారు కొందరు. చూసేవాళ్ళు మరిచిపోయాడనే అనుకుంటారని మరికొందరు. ముందు వాడు ఆమె చేతుల వైపు చూడాలి, అప్పుడు చూసేవాళ్ళు కూడా అటే చూస్తారని అధికారి పాత్ర వేసిన పాప తేల్చింది. “నువ్వు అనేదాకా నేను వదలను,” అంది ముసలమ్మ. నన్నెవరూ ఏమీ అడగలేదు.

ప్రదర్శన రోజు సాయంత్రం నేను పక్కనే నిలబడ్డాను, పుస్తకం మూసి. వాడు ఆమె వేళ్ళ వైపు చూశాడు. హాలంతా ఆ వేళ్ళ వైపే చూసింది. నా పెదవుల దాకా వచ్చిన మాటను బిగబట్టి, వాడు ఎప్పుడు అంటాడా అని అందరితో పాటు నేనూ ఎదురుచూశాను.