టెయిల్‌వీల్ విమానం కొన్న లెక్క: నా అనుభవం

ఎద్దును కొనేముందు కొట్టం చూసుకుంటాం. విమానానికీ అంతే. ఏ మోడల్ అన్నది తేలకముందే దాన్ని ఎక్కడ కట్టేస్తామో తేలాలి. మేం కొనేవాళ్లం ఇద్దరం. పాలమూరులో నేను, టెక్సాస్‌లో గ్రీన్‌కార్డుతో ఉన్న మా బామ్మర్ది. కావాల్సింది లూపులు, రోల్సు, స్పిన్నుల్లాంటి గాలి విన్యాసాలు నేర్చుకోవడానికి పనికొచ్చే రెండు సీట్ల టెయిల్‌వీల్ (మూడో చక్రం తోక కింద ఉండే) విమానం. అది పాతదైనా ఫర్వాలేదు, మా పైసలకు అందాలి.

ముందు ఇక్కడికి తెచ్చే లెక్కే వేశాను. పాలమూరు జిల్లాలో రన్‌వే లేదు. దేవరకద్ర వైపు ఎయిర్‌పోర్టు ప్రతిపాదనగానే ఉంది. కాస్త దూరంలో సాగర్ ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అది కృష్ణకు అవతలి ఒడ్డున, విజయపురి సౌత్‌లో ఉంది. పెట్రోలు సంగతి కొంత నయం. ఇలాంటి చిన్న విమానాల పెట్రోలు ఏవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్ ఒకప్పుడు పూర్తిగా దిగుమతి సరుకే. 2022 సెప్టెంబరు నుంచి ఇండియన్ ఆయిల్ ఇక్కడే తయారుచేసి అమ్ముతోంది. కానీ అది పంపు దగ్గరికెళ్లి పట్టించుకునేది కాదు. డ్రమ్ములు తెప్పించి, నీళ్లు చేరకుండా దాచుకోవాలి. ఇక పన్ను. సొంత వాడకానికి తెచ్చుకునే విమానంపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. దిగుమతికి అనుమతి అడిగితే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమానం వయసు దగ్గరే మొదలుపెడుతుంది. మా పైసలకు అందేవన్నీ నలభై, యాభై ఏళ్ల బండ్లు. ఇళ్లలో కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ తరగతి పిట్స్ విమానాల లాంటివాటికి డిజైన్‌ను ఆమోదించే టైప్ సర్టిఫికెట్టే ఉండదు కాబట్టి, ఎగరడానికి తగినదని చెప్పే మామూలు ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ మాట వాటికి ఎత్తనక్కర్లేదు. అందుకే విమానం టెక్సాస్‌లోనే ఉంచాలని తేల్చుకున్నాం.

ఎండ లెక్క విడిగా చెప్పాలి. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్లు, అంటే 1640 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీల లోపే. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే తేడా 30. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3600 కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి తెలిసే ఎత్తు, 5200 అడుగులు దాటుతుంది. టర్బో లేని ఇంజనుకు అక్కడ దాదాపు ఆరో వంతు బలం పోతుంది. 115 గుర్రాలు (హార్స్‌పవర్) 97 అవుతాయి, 150 గుర్రాలు 126 అవుతాయి. మనిషికి వడదెబ్బ తగిలినట్టే. టెక్సాస్ ఎండాకాలం మన ఎండకు పెద్దగా తీసిపోదు. అందుకే విమానం అక్కడే ఉండాలని తేలాక కూడా ఈ లెక్కను పక్కన పెట్టలేదు. 115 గుర్రాల 7ఈసీఏ రకం సిటాబ్రియా, రెండు సీట్ల చిన్న విమానం, మేం వేసుకున్న జాబితాలోంచి పోయింది ఈ ఒక్క కారణంతోనే. చల్లని చోట, ఒక్కరే ఎగిరేవాళ్లకైతే చవకలో అంతకంటే మంచిది దొరకదు.

మిగిలినవాటిలో పిట్స్ ఎస్-1 ఒకే సీటుది. జాబితాలో ఉన్న రెండు సీట్ల, 180 గుర్రాల సూపర్ డెకాథ్లాన్ కంటే చాలా చవకగా దొరుకుతుంది, విన్యాసాల్లో దానికంటే పదునైనది. కానీ అందులో పక్కన కూర్చుని నేర్పేవాళ్లకు చోటు లేదు, దిగేటప్పుడు ముందు రన్‌వే కనపడదు. టెయిల్‌వీల్ మీద చెయ్యి కుదిరాక తీసుకోవాల్సింది. ఆర్‌వీ-4 వేగం, పొదుపు రెండూ ఉన్న విమానం. కానీ ముక్కు కిందికి దించితే వేగం ఇట్టే పెరుగుతుంది, కొత్త చేతులు గీత దాటేస్తాయి. పైగా ఎవరో ఇంట్లో కట్టినది కాబట్టి, కట్టినవాళ్ల పనితనం ఎంతో విమానమూ అంతే. డీహెచ్‌సీ-1 చిప్‌మంక్ నడిపితే ముద్దొస్తుంది. దాని జిప్సీ మేజర్ ఇంజను సామాన్ల కోసం తిరిగే ఓపిక మాకు లేదు.

చివరికి పోటీ సిటాబ్రియాకూ డెకాథ్లాన్‌కూ మధ్యకొచ్చింది. రెండూ ఒకే ఇంటి పిల్లలు. తట్టుకునే హద్దు జీల్లో (ఒక జీ అంటే మామూలు బరువు, మైనస్ అంటే తలకిందుల దిశలో పడే బరువు) సిటాబ్రియాకు +5, -2, డెకాథ్లాన్‌కు +6, -5. మామూలు సిటాబ్రియాలో పెట్రోలు రెక్కల్లోంచి తన బరువుకు తాను దిగుతుంది, కార్బురేటర్‌లో తేలే ఫ్లోటు ఉంటుంది. తలకిందులు చేసి పట్టి ఉంచితే ఇంజను ఆగుతుంది, నూనెను బ్రీదర్ గొట్టం గుండా పొట్ట మీదికి కక్కుతుంది. డెకాథ్లాన్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్, తలకిందులుగా పెట్రోలు అందించే చిన్న హెడర్ ట్యాంకు, అలాగే నూనె అందించే ఏర్పాటు ఉంటాయి. సిటాబ్రియాల్లోనే 7కేసీఏబీకి ఈ సదుపాయం ఉంది, కానీ రెక్క హద్దు మాత్రం -2 జీలే. పైలట్ తల వలయం బయటివైపు ఉండే అవుట్‌సైడ్ విన్యాసాలకు అది చాలదు. దానికి ఎక్కువ ధర పెట్టడం నాకు సబబు అనిపించలేదు.

డెకాథ్లానే తీసుకుందామని బామ్మర్ది పట్టుబట్టాడు. “బావా, ఒక్కసారే కొంటాం, మంచిదే కొందాం” అని. బరువుల కాగితం ముందు పెట్టాక మెత్తబడ్డాడు. పాత సూపర్ డెకాథ్లాన్ మొత్తం బరువు హద్దు 1800 పౌండ్లు, ఖాళీ బరువు 1300 పైనే. మిగిలేది 490 అనుకుందాం. నేను 168, తను 190, చెరో 16 పౌండ్ల పారాచూట్: మొత్తం 390. పెట్రోలుకు మిగిలేది 100 పౌండ్లు, గ్యాలను 6 పౌండ్ల చొప్పున 16 గ్యాలన్ల పైచిలుకు. 180 గుర్రాల ఇంజను విన్యాసాల్లో గంటకు పదికి తగ్గకుండా తాగుతుంది. అరగంట నిల్వ పక్కన పెడితే గంటలో దిగాల్సిందే. సన్నటివాళ్లిద్దరికి ఇది సమస్యే కాదు. మా ఇంటి భోజనాలకు సమస్యే.

అలా 150 గుర్రాల ఓ-320 ఇంజనుతో, ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల కోణం మారని) ప్రొపెల్లర్‌తో ఉన్న 7జీసీఏఏ సిటాబ్రియా దగ్గర ఆగాం. దాంతో చిక్కు ఒకటుంది. డైవ్‌లో థ్రాటిల్ వెనక్కి లాగకపోతే ఇంజను 2700 ఆర్‌పీఎం ఎర్రగీత దాటుతుంది. లూపు మొదలుపెట్టే వేగం గంటకు 140 మైళ్లు, దాటకూడని వేగం 162. మధ్యలో ఉన్నది 22 మైళ్లే. చెవి, చెయ్యి రెండూ మేలుకుని ఉండాలి.

ఇక చూసుకోవడం. ఈ జాతి పాత విమానాల రెక్కల్లో స్పార్‌లు (రెక్క పొడవునా సాగే దూలాలు) స్ప్రూస్ చెక్కవి. రెక్క కొన ఒక్కసారి నేలకు తగిలినా, స్ట్రట్ (రెక్కను ఆపే కడ్డీ) బిగించే చోట చెక్క పీచుకు అడ్డంగా వెంట్రుకంత పగులు రావచ్చు. దీన్నే కంప్రెషన్ క్రాక్ అంటారు. పైనుంచి రెక్కకు కప్పిన బట్ట నున్నగా ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన 2000-25-02 నంబరు తప్పనిసరి ఆదేశం (ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్) పుట్టింది దీనికోసమే. తనిఖీ రంధ్రాల్లోంచి బలమైన లైటును చెక్క మీద ఏటవాలుగా పడేలా వేసి, బోరోస్కోప్‌తో (సన్నని గొట్టం లాంటి కెమెరాతో) రెండు స్పార్‌లూ, ముందూ వెనకా చూడాలి. నేరుగా వేసిన వెలుగులో పగులు దాక్కుంటుంది. రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పట్టీలు) బిగించిన మేకులు పైకి లేచాయా అన్నదీ చూడాలి. 1990ల నుంచి ఈ విమానాలు లోహపు స్పార్‌లతో వస్తున్నాయి. పాతవాటికి రెక్కలే మార్చి లోహపువి వేసినవీ దొరుకుతాయి. ధర కొంచెం ఎక్కువైనా అవే వెతకమని నా సలహా.

మేం మొదట చూసిన విమానం లాగ్‌బుక్‌లో పాత గ్రౌండ్‌లూప్ (నేలమీద విమానం గిర్రున తిరిగిపోవడం) మరమ్మతు ఒక్క వాక్యంలో ముగిసింది. ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీ నుంచి తెప్పించిన రికార్డులో పెద్ద మరమ్మతుకు దాఖలు చేయాల్సిన ఫారం 337 ఆ ఏడాదికి లేనే లేదు. అమ్మేవాళ్లు ఏదో చెప్పారు. స్పార్ చూడకుండానే వెనక్కొచ్చాం.

రెండోదానికి మా మెకానిక్‌నే పెట్టుకున్నాం. అమ్మేవాళ్ల మెకానిక్ ఏటా చూస్తున్నది మళ్లీ అతనికే చూపించడంలో అర్థం లేదు. వరుస ఇలా సాగింది. తోక చివర, కింది లాంగెరాన్ (ఒంటి పొడవునా సాగే) గొట్టాలను సూదిమొన సాధనంతో పొడిచి చూడటం. నీరు చేరి గొట్టం లోపలినుంచి తుప్పు తినేది అక్కడే. ల్యాండింగ్ గేర్ బోల్టులు, వాటి చుట్టూ వెల్డింగులు. బట్టలో పొట్ట కింది భాగం, ముఖ్యంగా నూనె తడిసిన చోట. తోక చక్రానికి ఉన్నది లారీ కమాన్ పట్టీ లాంటి స్ప్రింగే. అది వంపు పోయి చదునైతే పివట్ పైభాగం ముందుకు వాలి, నేలమీద పరుగులో చక్రం గడగడ వణుకుతుంది. చాలామంది టైరు మారుస్తారు, కొత్త చక్రం కొంటారు, వణుకు మాత్రం పోదు. పట్టీ మారిస్తే పోతుంది. మాదానికి మార్చాల్సి వచ్చింది.

ఇంజను విషయంలో తక్కువ గంటలు చూసి మురిసిపోకూడదు. ఓ-320కి ఓవర్‌హాల్ గడువు 2000 గంటలు లేదా 12 ఏళ్లు. ఓ-320ని తయారుచేసే లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌కు పైన ఉంటుంది. నెలల తరబడి కదలకపోతే నూనె కిందికి జారిపోయి దానికి తుప్పు పడుతుంది. ఇరవై ఏళ్లలో 300 గంటలు తిరిగిన ఇంజను కంటే, ఆరేళ్లలో 900 తిరిగినదే నాకిష్టం. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాం, లోహపు రజను లేదు.

కాగితాల్లో ఒక మెలిక ఉంది. అమెరికా రిజిస్ట్రేషన్‌కు వ్యక్తిగత యజమానులంతా అక్కడి పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి. సహయజమానిగా నా పేరు ఎక్కదు. విమానం బామ్మర్ది పేరు మీదే, నా వాటా మా ఇద్దరి మధ్య విడి ఒప్పందం. నేను నడపాలంటే మన లైసెన్సును ఎఫ్ఏఏ ధ్రువీకరించుకుని ఇచ్చే సర్టిఫికెట్, ఆపైన టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్. ఇన్సూరెన్స్ వాళ్లు అదే మోడల్ మీద ఎన్ని గంటలు ఎగిరారని అడుగుతారు కాబట్టి కొనకముందే శిక్షకుడిని మాట్లాడుకోవడం మంచిది.

డబ్బు చేతులు మారకముందు విమానాన్ని మూడు తక్కెడల మీద ఎక్కించి, తోకను లేపి సమంగా నిలబెట్టి తూచాం. కాగితంలో ఖాళీ బరువు 1080 పౌండ్లు, తక్కెడ చెప్పింది 1121. ఏళ్ల తరబడి పూసిన రంగు, మార్చిన రేడియోలు, ఎవరూ కూడని లెక్క. 1650లోంచి అది తీస్తే 529, మా 390 పోగా 139. ఇద్దరం పారాచూట్లతో ఎక్కితే ట్యాంకుల్లో 23 గ్యాలన్లు. ఆ అంకెను చిన్న చీటీ మీద రాసి ప్యానెల్‌కు అతికించాం.