బీటెక్ కోసం యూనిఫాం విప్పకముందే చేసుకోవాల్సినవి (నా అనుభవం)

ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నికల్ ట్రేడ్‌లో 20 ఏళ్ల ఎంగేజ్‌మెంట్ ముగించుకుని, చేరకముందు చదివిన ఎలక్ట్రికల్ డిప్లొమాతో ఈసెట్ (బీటెక్ రెండో ఏట నేరుగా చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ రెండో ఏట చేరాను. ఈ దారిలో పుస్తకాలకన్నా తేదీలూ కాగితాలే ఎక్కువ సతాయిస్తాయి. అందుకే డిశ్చార్జ్‌కి రెండేళ్ల ముందు నుంచే పని మొదలుపెట్టాలి.

ముందు పనికిరానివి పక్కన పెట్టేద్దాం. 15 ఏళ్ల సర్వీసు మీద వచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ డిగ్రీ అడిగే గ్రూప్-సి కొలువుల కోసమే. సాంకేతిక అర్హత అడిగిన చోట అది చెల్లదు. సీనియర్లు చెప్పే ఏఎంఐఈ (కాలేజీకి వెళ్లకుండా ఇంజినీర్ల సంస్థ పరీక్షలు రాసి పాసయ్యే) దారి కూడా మూసుకుపోయింది, 2013 మే 31 లోపు నమోదైనవాళ్లకే దానికి బీటెక్‌తో సమాన గుర్తింపు. దూరవిద్య బీటెక్ అని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. అనుమతి లేకుండా అలా ఇచ్చిన డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు వేటు వేసింది. ట్రేడ్ ట్రైనింగ్ ఎంత గట్టిదైనా ఈసెట్‌కి కావాల్సింది గుర్తింపు ఉన్న డిప్లొమా, లేదంటే గణితంతో బీఎస్సీ. ఆ రెండూ లేనివాళ్లు ఇంటర్ ఎంపీసీతో ఎప్‌సెట్ రాసి మొదటి ఏడాది నుంచి చదవాల్సిందే.

ఇక తేదీలు. ఈసెట్ మామూలుగా మే నెలలో ఉంటుంది, ర్యాంకు ఆ ఏడాదికే చెల్లుతుంది. డిశ్చార్జ్ తేదీ కౌన్సెలింగ్‌కి ముందు పడితే అదృష్టం. అక్టోబరులోనో నవంబరులోనో పడితే ఆ ఏడాది ఆశ వదులుకుని వచ్చే మేకి గురిపెట్టడం మేలు. సెలవు పెట్టి రెగ్యులర్ క్లాసుల్లో కూర్చుంటామనే ఆలోచన వద్దు. రాతపూర్వక అనుమతి లేకుండా అలా చేస్తే పెన్షన్ ముంగిట కొత్త తలనొప్పి. సర్వీసులో ఉండగానే పరీక్ష రాసేవాళ్లు ఆ సెలవు జనవరిలోనే అడిగి పెట్టుకోవాలి. మేలో పిల్లల బడి సెలవులు కాబట్టి సెక్షన్‌లో అందరి కళ్లూ ఆ వారాల మీదే ఉంటాయి.

నాకు అసలు దెబ్బ పేరు దగ్గర తగిలింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం. సర్వీసు రికార్డులో అది పూర్తిగా విడమరిచి, అదీ చివరన చేరింది. ఆధార్‌లో మూడో రకం. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో మెమో పేరునే ప్రామాణికంగా తీసుకుని మిగతావన్నీ దానికి సరిపోలాయా అని చూస్తారు. సర్వీసులో ఉండగా ఆర్డర్లీ రూంలో (యూనిట్ ఆఫీసులో) దరఖాస్తు పెడితే పీఓఆర్‌లో, అంటే సిబ్బంది వివరాల్లో మార్పులు నమోదు చేసే అధికారిక నివేదికలో ప్రచురించి సరిచేస్తారు. బయటికొచ్చాక అదే పని రికార్డ్ ఆఫీసుతో ఉత్తరాల మీద ఉత్తరాలు.

పాత టీసీ కూడా వెతికిపెట్టుకోండి. పోతే డూప్లికేట్‌కి పాలిటెక్నిక్ చుట్టూ తిరగాలి, ఒక సెలవులో తేలే పని కాదు.

లోకల్ హోదా గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. ఇరవై ఏళ్లు జోధ్‌పూర్‌లోనో తేజ్‌పూర్‌లోనో ఉన్నాం కదా, నాన్‌లోకల్ అయిపోతామేమో అని. అర్హత పరీక్ష (అంటే ఈసెట్ కాదు, మన డిప్లొమా) రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివామన్నది మొదట చూస్తారు. పదో తరగతి, మూడేళ్ల డిప్లొమా ఒకే ప్రాంతంలో వరుసగా చదివినవాళ్లకు ఆ స్టడీ సర్టిఫికెట్లే సరిపోతాయి.

పరీక్షలో 200 ప్రశ్నలు, 3 గంటలు. అంటే ప్రశ్నకు 54 సెకన్లు. గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టు 100. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ వదలకూడదు. మనవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఇరవై ఏళ్లు మోటార్లూ జనరేటర్లూ విప్పి బిగించామన్న ధీమాతో బ్రాంచి సబ్జెక్టు మీదే కూర్చుని, మిగతా వందను గాలికొదిలేస్తారు. నిజానికి కెమిస్ట్రీలో కరోజన్, ఎలక్ట్రోకెమిస్ట్రీ మనకు చేతి కింద పనులే. బ్యాటరీ రూంలో, విమానం తోలు మీద రోజూ చూసినవే. గణితం మాత్రం తుప్పు పట్టి ఉంటుంది. పాక్షిక భిన్నాలతో మొదలుపెట్టండి. అవి చేతికొస్తే ఇంటిగ్రేషన్‌లో సగం లెక్కలు వాటంతట అవే విడిపోతాయి. రోజుకు గంటన్నర చొప్పున ఎనిమిది నెలలు, నైట్ డ్యూటీ మర్నాడు తప్ప.

వయసు మాట. ఈసెట్‌కి గరిష్ఠ వయోపరిమితి లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఉంది, ఆదాయ పరిమితి కూడా ఉంది. పెన్షన్ వస్తోంది కాబట్టి ఫీజు మొత్తం సొంతంగా కట్టుకునే లెక్కనే దిగండి. డిగ్రీ చేతికొచ్చేసరికి 42 ఏళ్లు వస్తే కేంద్రంలో గ్రూప్-సి, నాన్‌గెజిటెడ్ గ్రూప్-బి ఉద్యోగాల లెక్కలో అందులోంచి సర్వీసు 20 ఏళ్లు తీసేస్తారు. మిగిలిన 22 ఆ పోస్టుల వయోపరిమితికి మామూలుగా అడ్డురాదు.

చేరాక చూసుకోవాల్సింది హాజరు. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం తప్పనిసరి. 65కి తగ్గితే కారణం ఏదైనా డిటెన్షనే. పెన్షన్ పనులకీ బ్యాంకుకీ తిరిగే రోజులు ఆ మిగిలిన పాతిక శాతంలోంచే పోతాయి. మొదటి ఏడాది మనకు ఉండదు గానీ, దాని గణితం వచ్చన్నట్టే రెండో ఏట సర్క్యూట్స్ పాఠం నడుస్తుంది. లెక్చరర్ స్విచ్ వేసిన క్షణం నుంచి కరెంటు ఎలా పెరుగుతుందో చెబుతూ లాప్లాస్‌లోకి (అవకలన సమీకరణాలను మామూలు బీజగణితంగా మార్చే పద్ధతి) వెళ్లిపోతారు. అదేంటో అడగడానికి క్లాసులో మనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్ల ముందు నోరు రాదు. సీటు ఖరారయ్యాక క్లాసులు మొదలయ్యేలోపు దొరికే వారాల్లో అవకలన సమీకరణాలు, లాప్లాస్ అధ్యాయాలు రెండూ పూర్తిచేసుకోండి.