తాత తుపాకిలో ఎనిమిది, బాపు కాగితంలో అయిదు

దేవరకొండలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టడం, బేరింగులు మార్చడం నా పని. తుపాకి మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నా దాని ముచ్చట నా దాకా రాలేదు. ముందు తాతది, తర్వాత బాపుది. ఇనప బీరువాలో పాత దుప్పటి చుట్టుకొని పడి ఉండేది. రెన్యువల్ రోజున బాపు దాన్ని బయటికి తీసి నూనె గుడ్డతో తుడిచేవాడు. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. పేల్చగా మాత్రం నేను చూడలేదు. బాపు బడిపంతులు.

2022లో బాపు పోయాడు. దినాలు అయిన మర్నాడు మా చిన్నాయన పొలం గురించి అడగలేదు, బ్యాంకు గురించి అడగలేదు. "తుపాకి ఠాణల అప్పజెప్పినవా రా?" అన్నాడు. లైసెన్స్ ఉన్న మనిషి పోతే ఆ తుపాకి ఇంట్లో ఉంచుకోవడం నేరం. స్టేషన్‌లో గాని, లైసెన్స్ ఉన్న తుపాకుల దుకాణంలో గాని అప్పజెప్పాలి. ఆ సాయంత్రమే దుప్పటితో సహా తీసుకుపోయి ఇచ్చి వచ్చాను. దాంతోపాటు ఒక బిస్కట్ల డబ్బా. అందులో అయిదు పాత తూటాలు, ఇంకా సీలు విప్పని ఒక తూటాల పెట్టె. అప్పుడు వాటి వైపు సరిగా చూడలేదు.

వదిలేద్దాం అనుకున్నాను. వదిలేస్తే ఏమవుతుందని అడిగితే, ఎవరూ క్లెయిమ్ చేయకపోతే కొన్నాళ్లకు ప్రభుత్వం జప్తు చేసుకుంటుంది అన్నారు. ఆ మాటకు మనసు ఒప్పలేదు. జాగీర్లు రద్దయిన తర్వాత హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఇళ్ల వాళ్లు సామాన్లు అమ్ముకుంటుంటే తాత కొనుక్కొచ్చిన తుపాకి అది. "ఇంగ్లండ్ తుపాకి, అగ్గువకు అచ్చింది" అని చచ్చేదాకా చెప్పుకునేవాడట. అగ్గువకు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. 2016 ఆయుధ నియమాల్లో వారసులకు లైసెన్స్ ఇచ్చే వీలుంది. మీసేవలో పెట్టి తహసీల్దార్ దగ్గరి నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అక్క, తమ్ముడు తమకు అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి ఇచ్చారు. "ఎన్నడూ పేల్చని తుపాకికి ఇంత తండ్లాట ఎందుకురా" అని అక్క సంతకం పెడుతూనే తిట్టింది. ఆన్‌లైన్ దరఖాస్తు, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకి భద్రంగా దాచుకునే చోటు ఉందని హామీ పత్రం, శిక్షణ సర్టిఫికెట్. శిక్షణలో మొదటి పాఠం, తుపాకి చేతికి రాగానే బోల్ట్ తెరిచి లోపల చూడాలి. ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మకుండా చూడాలి. ఆ ఒక్కటీ నాకు తర్వాత పనికొచ్చింది.

విచారణకు స్టేషన్‌కు పిలిచారు. ఎస్సై గారు లైసెన్స్ బుక్కు ఒక చేత్తో పట్టుకొని తుపాకి నంబరు సరిచూశారు. సరిపోయింది. తర్వాత గొట్టం మీద చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేంది?" అన్నారు. బుక్కులో .315 బోరు అని ఉంది. తుపాకికి బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో. కంప్యూటర్లో అదే ఉంది. గొట్టం మీద మాత్రం .318 అని చెక్కి ఉంది, పక్కన వెస్ట్లీ రిచర్డ్స్ అని కంపెనీ పేరు. "మీ నాయిన జమ చేసుకున్న తుపాకి ఇదేనా, మార్చిన్రా?" అని నెమ్మదిగానే అడిగారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. నాకు మాత్రం టెన్షన్‌తో చెమటలు పట్టాయి. మూడు అంకెల్లో ఒక అంకె తేడా, అంతే. మోటార్ల పనిలో అంత తేడా అంటే షాఫ్టు పాడైనట్టే. తుపాకి లైసెన్స్‌లో దాని పర్యవసానం ఏమిటో ఊహించుకోవడానికే భయం వేసింది.

జిల్లా ఆర్మ్డ్ రిజర్వ్‌లో తుపాకులు బాగుచేసే ఆర్మరర్ ఉంటారు, ఆయన చూసి రిపోర్టు ఇస్తే తేలుతుంది అన్నారు. ఆ తేదీ వచ్చేలోపు హైదరాబాద్ వెళ్లి ఒక పాత తుపాకుల దుకాణంలో అడిగాను. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న చాచాకు డెబ్బై దాటి ఉంటాయి. తుపాకి పేరు చెప్పగానే నవ్వాడు. "అరే బేటా, అది మంచి తుపాకి. మంచి తుపాకి గాబట్టే మా దుకాణంల దాని తూటా చూసి యాభై ఏండ్లయింది" అన్నాడు.

ఆ వాక్యం నాకు మొదట తలకెక్కలేదు. అతను అరల వైపు చూపించాడు. పన్నెండు బోరు తూటాలు, .22, .32 రివాల్వర్‌వి, .315. అంతే. "గిరాకీ దేనికుంటే అది తెస్తం. మనం తెచ్చిందాన్కే గిరాకీ ఉంటది." అప్పుడు నాకు మన షాపే గుర్తొచ్చింది. 6203, 6204 బేరింగులు పల్లెటూరి హార్డ్‌వేర్ కొట్లో కూడా దొరుకుతాయి. బాగా పనిచేసే ఒక మోటారు వేరే కొలత బేరింగుతో వచ్చిందనుకోండి, మొదటిసారి బేరింగు పోయిన రోజే అది తూకానికి పోతుంది. మోటారులో లోపమేమీ ఉండదు.

ఆ నెలలో రాత్రులు ఫోన్లో ఈ .318 గురించే చదివాను. చదువుతుంటే మా తాత మీద జాలి, నవ్వు రెండూ వచ్చాయి. 1910లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన తూటా ఇది. తూటా కొసన ఉండి ఎగిరిపోయేది గుండు. 250 గ్రెయిన్ల, అంటే పదహారు గ్రాముల పొడుగాటి గుండును ఇది సెకనుకు 2400 అడుగుల వేగంతో పంపేది. ఆఫ్రికాలో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో దానికి మంచి పేరే ఉంది. ఏనుగుల వేటకు పేరుపడిన బెల్ కూడా దీన్ని వాడాడు. అలాంటిది ఎందుకు నిలవలేదు?

పేరే మొదటి తిరకాసు. .318 అన్నది గుండు కొలత కాదు, గొట్టం లోపల చెక్కిన గాళ్ల మధ్య మిగిలిన ఎత్తుల కొలత. గుండు నిజానికి .330 అంగుళాలు. ఆ కొలత గుండు చాలా అరుదు. జర్మన్ల పాత 8 ఎం.ఎం. మౌజర్‌లో మాత్రం నిజంగానే .318 కొలత గుండు ఉంది. అంటే పేరు చూసి కొంటే గుండు సరిపోదు, కొలత చూసి కొందామంటే దుకాణంలో ఆ పేరే ఉండదు. తూటాలు చేసేది ఇంగ్లండ్‌లోని కైనాక్ కంపెనీ. 1960ల్లో అక్కడ ఇలాంటి పాత వేట తూటాల తయారీ ఆగిపోవడంతో వీటి పని అయిపోయింది.

రెండోది, అది మధ్యలోది. అటు చూస్తే 1906 నాటి అమెరికన్ సైన్యపు తూటా .30-06 ఉంది. సైన్యం వాడేది కాబట్టి కోట్లలో తయారై, ఇంటికొచ్చిన సిపాయిల చేతికి అలవాటై, జింక నుంచి మూస్ అనే పెద్ద దుప్పి దాకా అన్నిటికీ సరిపోయింది. ఇటు చూస్తే 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్. ఆఫ్రికాలో చాలా దేశాలు ఏనుగు, అడవి దున్న లాంటి వాటికి .375 కంటే చిన్న బోరు వాడకూడదని చట్టం చేశాయి. ఆ చట్టంతో దానికి పునాది పడింది. ఈ రెంటి మధ్య పుట్టినవి చాలావరకు బాగానే పనిచేశాయి, బాగానే చచ్చిపోయాయి. అమెరికాలో .358 వించెస్టర్ 1955లో వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. .35 వీలన్ 1922లో పుట్టి, చేతిపనివాళ్ల దగ్గరే పెరిగి, ఒక పెద్ద కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టేసరికి 1988 అయింది. 2005లో వచ్చిన .325 డబ్ల్యూఎస్ఎం కూడా అదే దారి పట్టింది. భుజం మీద దెబ్బ ఎక్కువ, ఖర్చు ఎక్కువ. జింకకు అంత అవసరం లేదు, ఏనుగుకు చట్టం ఒప్పుకోదు.

మధ్యలోదైనా బతికినవి లేవా అంటే ఉన్నాయి. 1905లో బెర్లిన్‌లో ఒట్టో బోక్ చేసిన 9.3×62 ఉంది. మామూలు మౌజర్ తుపాకిలోనే పట్టేది, ఆ తుపాకులు చవక, ఆఫ్రికాలో స్థిరపడిన జర్మన్ రైతులు కొన్నారు. యూరప్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. అంటే తూటాను బతికించేది రైతు కొనగలిగే తుపాకి అని నాకు తట్టింది. తాతకు ఈ సంగతి తెలిసి ఉంటే ఏమనేవాడో!

అన్నిటికంటే విచిత్రం మన .315ది. అది ఎక్కడిదో కాదు, ఒకప్పటి ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన మాన్లిషర్ తూటా. ఆ దేశమే ఇప్పుడు లేదు. బ్రిటిష్ వాళ్లు తమ సైన్యం తూటా .303 పౌరుల చేతికి పోకూడదనుకున్నారు. అది ఇప్పటికీ నిషిద్ధ బోరే. ఆ ఖాళీలోకి .315 వచ్చి కూర్చుంది. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తుపాకి, పుణె దగ్గరి ఖడ్కీలో తూటా, రెండు ఫ్యాక్టరీలూ సర్కారువే. అందుకే అది దేశమంతా దొరుకుతుంది. .318 గొప్పదా, .315 గొప్పదా అంటే నా ఓటు .318కే. కాని గొప్పదనాన్ని ఎవరు అడిగారు?

ఆర్మరర్ గారి దగ్గర ఒక గంట కూర్చున్నాను. నా పద్నాలుగు నెలల్లో నాకు నచ్చిన గంట అదొక్కటే. బిస్కట్ల డబ్బాలోని పాత తూటా ఒకటి, సీలు పెట్టెలోది ఒకటి టేబుల్ మీద నిలబెట్టారు. పాతదాని అడుగున కైనాక్, .318 అని ఉంది. కొత్తదాని మీద కేఎఫ్ అని ఉంది, అంటే ఖడ్కీది. కొత్తదాని మడమకు పళ్లెం అంచులా బయటికి వచ్చిన అంచు. పాతదానికి ఆ అంచు లేదు, ఒక గాడి మాత్రం ఉంది. పొడుగు కూడా సెంటీమీటరు ఎక్కువ. "దీన్ని లోపలికి పెట్టి చూడను, చూడాల్సిన పని కూడా లేదు" అన్నారు.

తర్వాత చేపల వలకు కట్టే సీసపు గుండు ఒకటి తీసి నూనె రాశారు. బోల్ట్ తీసేసి, కాంతికి పెట్టి చూసి, నాక్కూడా చూపించారు. గొట్టం లోపల గాళ్లు మెలితిరిగి, చెరువు నీళ్లలా మెరిశాయి. బాపు నూనె గుడ్డ ఊరికే పోలేదు. సీసపు గుండును మూతి దగ్గర పెట్టి, చెక్క సుత్తితో కొట్టి, ఇత్తడి కడ్డీతో మెల్లగా దింపారు. ఇంకో వైపు నుంచి టప్పున గుడ్డ మీద పడింది. గొట్టం గాళ్లన్నీ దాని మీద అచ్చు పడ్డాయి. వెర్నియర్‌తో కొలిచి, "మీరు రోజూ కొలిచేటోళ్లేగా, మీరే చూడండి" అని నా చేతికి ఇచ్చారు. ఎత్తుల మీద 8.38 మిల్లీమీటర్లు, పల్లాల మధ్య 8.08. అంటే .330, .318. ఫోన్లో చదివింది నా వేళ్ల మధ్య ఉంది. .315 గుండు సుమారు 8.2 ఉంటుంది, ఈ గొట్టం గాళ్లను అది పూర్తిగా నింపదు.

తుపాకి తేలింది. మరి కాగితంలోకి అయిదు ఎలా వచ్చింది? తాత రేకు పెట్టె మొత్తం తిరగేస్తే అడుగున పాత లైసెన్స్ బుక్కు దొరికింది, అందులో .318 అని శుభ్రంగా ఉంది. దాని కింద 1994లో బుక్కు నిండిపోయి కొత్తది కావాలని బాపు పెట్టుకున్న దరఖాస్తు కార్బన్ కాపీ. బాపు దస్తూరీ. బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, .315. ఎనిమిది సరిగా పడక అయిదైంది కాదు. అయిదే. ఆ దరఖాస్తుకే, రెండు నెలల తర్వాతి తేదీతో, ఒక పెట్టె .315 తూటాలు కొన్న రసీదు గుండుసూదితో గుచ్చి ఉంది.

.318 దొరకదని ఎవరో చెప్పి ఉంటారు, .315 అయితే దొరుకుతుందని కూడా చెప్పి ఉంటారు. అప్పట్లో మా పల్లికాయ చేన్ల మీద అడవిపందులు పడేవని అమ్మ అంటుంది. ఆయన తెలిసి రాశాడా, రెండూ ఒకటే అనుకొని రాశాడా, ఎవరిని అడగను? ఒక్కటి మాత్రం నిజం. ఆ పెట్టె సీలు విప్పలేదు.

పాత బుక్కు, ఆర్మరర్ రిపోర్టు జతచేసి "దరఖాస్తులో అంకె పొరపాటు" అని రాసిచ్చాను. నాలుగు నెలలకు సవరణ అయింది. పాత తూటాలు, .315 పెట్టె అక్కడే వదిలేశాను.

లైసెన్స్ తీసుకోవడానికి వెళ్లిన రోజు కంప్యూటర్ ముందు కూర్చున్న అతను కాలమ్‌లు నింపుతూ ఒక చోట ఆగాడు. "ఏడాదికి తూటాలు ఎన్ని రాయమంటారు?"

"ఇవి మన దగ్గర ఎక్కడా దొరకవు సార్. పాత కంపెనీ తయారీ ఎప్పుడో ఆపేసింది."

"కాలమ్ ఖాళీ పెడితే సేవ్ కాదండీ."

ఒకసారి గోడ గడియారం వైపు చూసి, యాభై అని కొట్టాడు.