ఈస్టర్ గాలిపటం: గోపాల్‌పూర్ గాలికి మళ్లీ ఎడమకే

శనివారం రాత్రి

మళ్లీ ఎడమకే! ముప్పై మీటర్ల దారం వదిలేదాకా ఎంత అందంగా ఎక్కిందో. గాలి ఒక్కసారి పెరిగింది, ఎడమ భుజం వాలింది, పెద్ద సున్నా చుట్టి తలకిందులుగా ఇసకలో దిగబడింది. "నాన్నా, కుడికి లాగు, కుడికి లాగు" అని మా పాప ఒకటే అరుపు. ఇలాంటి తోక కట్టిన ఒంటి దారం పటాన్ని కింద నుంచి కుడికో ఎడమకో తిప్పలేం. అంతా కట్టడంలోనే ఉంటుంది. అందుకే ఈ ఎడమ తిరుగుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఈ సెలవులకి మామూలు పతంగులు వద్దని బెర్ముడా పద్ధతి ఆరు మూలల పటం కట్టాం. ఆ దీవుల్లో గుడ్ ఫ్రైడే నాడు కుటుంబాలన్నీ ఇలాంటి పటాలతో బయటికొస్తాయి. క్రీస్తు ఆరోహణం పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక బోధకుడు పటం ఎగరేసి చూపించాడని అక్కడ చెప్పుకుంటారు. గయానాలో అయితే ఈస్టర్ సోమవారం నాడు ఎగరేస్తారు. ఒడిశాలో మన బరంపురం వాళ్లం మాత్రం సంక్రాంతి అవగానే పటాలు అటక మీద పడేస్తాం. ఏప్రిల్లో నేల కాగి, మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి వచ్చే గాలి ఎంత నిలకడగా ఉంటుందో ఒక్కసారి మా దగ్గరి గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డుకి వచ్చి చూడండి. పటాల కాలం ఇదే అనిపిస్తుంది.

కొలతలు: పొడుగు పుల్ల 100 సెం.మీ., ఏటవాలు పుల్లలు రెండూ 84 సెం.మీ. అన్నీ వెదురే. పలచటి రంగు కాగితం, మైదా జిగురు. తోక లేకుండా బరువు 96 గ్రాములు. పాత నైలాన్ చీర చింపి, 4 సెం.మీ. వెడల్పున 5 మీటర్ల తోక పెట్టాం. పైన పొడుచుకొచ్చిన పుల్లకి కట్టిన మోత కాగితం మొదటి గాలికే జుమ్మని మోగింది.

ఇవాళ నాలుగున్నరకి గోపాల్‌పూర్‌లో గాలి వేగం కొలిచే చేతి మీటరు గంటకి 22 నుంచి 27 కి.మీ. చూపించింది. మొదటి అనుమానం తోక మీద. 5 మీటర్లని 8 మీటర్లు చేశాను. సున్నా మరింత పెద్దదయింది, మెల్లగా తిరిగింది, తిరగడం మాత్రం మానలేదు. తర్వాత సూత్రం, అంటే పటాన్ని దారానికి కలిపే కట్టు. మూడు కాళ్ల సూత్రం ముడిని కుడికి ఒక సెం.మీ. జరిపితే మార్పు లేదు. రెండు సెం.మీ. జరిపాను. గాలి తగ్గినప్పుడు పటం కుడికి పోయింది, గాలి పెరగ్గానే ఎప్పటిలాగే ఎడమకి! ముడి ఒక్కటే కారణమైతే రెండు గాలుల్లోనూ ఒకే పక్కకి పోవాలి కదా. కాబట్టి గాలి పెరిగినప్పుడు పటం ఆకారమే మారుతోంది.

ఇంకోటి కూడా గమనించాం. ఇంటికొచ్చి వేలితో కొడితే కుడి వైపు కాగితం డప్పులా మోగుతోంది, ఎడమ వైపు చప్పగా ఉంది. తూకం వేస్తే 103 గ్రాములు. ఆ ఏడు గ్రాములూ సముద్రపు తేమే. మైదా జిగురు తేమకి మెత్తబడుతుంది. పిండి జిగురే సంప్రదాయం అనేవాళ్లు చాలామంది ఉన్నారు, మిద్దె మీద ఎగరేసుకునేవాళ్లకి అది చాలు. సముద్రం ఒడ్డుకి మాత్రం తేమకి తట్టుకునే జిగురుని పలచగా రాయడమే మేలు, బరువు కొంచెం పెరిగినా సరే.

ఆదివారం

వేకువ ఆరాధన అయ్యాక, ఉల్లిపొట్టులో ఉడికించిన గుడ్లు (ముదురు ఎరుపు బ్రహ్మాండంగా వచ్చింది), పులిహోర డబ్బా పట్టుకుని చత్రపురం దగ్గర తంపరా సరస్సుకి వెళ్లాం. రామ్సర్ జాబితాలోకి (ప్రపంచ స్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) ఎక్కిన మంచినీటి సరస్సు ఇది. చిన్నపిల్లలున్న వాళ్లకి గోపాల్‌పూర్ కన్నా ఇదే నయం. అలల భయం లేదు, చెట్ల నీడ ఉంది. గాలి 11 నుంచి 14 మధ్యే. సూత్రం ముడిని మళ్లీ నడిమికి తెచ్చి వదిలితే అదే పటం గీత గీసినట్టు నిలబడింది. పాప దారం పట్టుకుని కూర్చుంది, బాబు పడవ ఎక్కాలని గొడవ చేశాడు.

అంటే తప్పు పెద్ద గాలిలోనే బయటపడుతోంది. 13 కి.మీ. గాలికీ 26 కి.మీ. గాలికీ వేగం రెట్టింపే అయినా, పటం మీద పడే తోపుడు నాలుగు రెట్లు. అక్కడ పుల్ల వంగుతుంది.

రాత్రి ఏటవాలు పుల్లల్ని నడిమిన బల్లకి బిగించి, ప్రతి కొసకీ 100 గ్రాముల రాయి వేలాడదీసి, ఎంత వంగిందో స్కేలుతో కొలిచాను. కుడి కొసలు 19 మి.మీ., 20 మి.మీ. ఎడమ కొసలు 27, 26. ఇదిగో దొరికింది! రెండు పుల్లలకీ వెదురు మొదలు వైపు కుడికి, చివరి వైపు ఎడమకి వచ్చాయి. కణుపులు కూడా కుడి పక్కే పడ్డాయి. పెద్ద గాలికి ఎడమ భుజం వెనక్కి వంగి గాలిని జార్చేస్తోంది, కుడి భుజం నిలబడి తోపుడంతా తీసుకుంటోంది.

చాకుతో కుడి కొసల్ని లోపలి మెత్తటి వైపు నుంచి చెక్కి 25, 25కి తెచ్చాను. పైన పచ్చటి తొక్కు జోలికి పోకూడదు, బలమంతా అందులోనే ఉంటుంది.

సోమవారం సాయంత్రం

పిల్లల బడి అవగానే మళ్లీ గోపాల్‌పూర్. 24 కి.మీ. దాకా నిటారుగా ఉంది, 60 మీటర్ల దారం మీద! మా ఆవిడ చప్పట్లు కొట్టింది. మీటరు 27 దాటగానే మళ్లీ ఎడమకి వాలింది. సున్నా చుట్టలేదు, నెమ్మదిగా వాలి నీళ్ల అంచున దిగింది. సగం జబ్బు తగ్గింది, సగం మిగిలింది.

మిగిలిన సగానికి నా ఊహలు రెండు. ఎడమ కాగితం తేమకి సాగి గాలి సంచిలా ఉబ్బుతూ ఉండాలి. లేదంటే వేలాడదీసిన రాయికి సమానంగా వంగిన పుల్లలు, గాలి కుదుపులకి సమానంగా తిరిగి లేవడం లేదు. నాకు రెండోదాని మీదే ఎక్కువ అనుమానం. బుట్టలు అల్లే మావయ్యని అడిగితే, "ఒకే బద్దని నిలువునా చీల్చి, కణుపు సరిగ్గా నడిమికి వచ్చేలా కొయ్యరా" అన్నారు. ఆయన దగ్గరే ఏడాది ఎండిన బద్ద తీసుకున్నాను. దానితో ఒకటి, 3 మి.మీ. ఫైబర్ కడ్డీలతో ఇంకొకటి, ఒకే కొలతలతో పక్కపక్కన ఎగరేస్తాను. ఫైబర్ పటం కాగితానికి బదులు గొడుగు గుడ్డ. బజారులో దొరికే రెడీమేడ్ ప్లాస్టిక్ పటాల మీద నాకు నమ్మకం లేదు. వాటి పుల్లలు ఎండకే వంగిపోతాయి.

దారం మాత్రం నూలుదే. గాజు మాంజా, నైలాన్ మాంజా 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, పక్షుల మెడలు కోసే ఆ దారం పిల్లల చేతికి ఎలా ఇస్తారో నాకు అర్థం కాదు. ఋషికుల్య నది కలిసే చోటికి పటాలు అసలు తీసుకెళ్లం. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు ఇసకలోంచి బయటికొచ్చే రోజులివి. అక్కడ తెగిన దారం ముక్క ఒక్కటి వదిలినా పాపమే. అక్కడికి ఉత్త చేతులతో, తెల్లవారుజామున వెళ్తాం. బాబు ఇప్పటికే రోజులు లెక్కపెడుతున్నాడు.

వచ్చే ఆదివారం రెండు పటాలూ ఇచ్ఛాపురం వైపు సోనాపూర్ ఒడ్డుకి. జనం తక్కువ, పటం పడినా ఎవరికీ తగలదు. అక్కడ 27 దాటి నిలబడితే, ఎండలు ముదరకముందే మహేంద్రగిరి. 1,501 మీటర్ల ఎత్తు మీద గాలి ఎంతుంటుందో మీటరు పెట్టి చూడాలి. సూత్రం ముడి దగ్గర ఈసారి చిన్న స్టీలు రింగు వాడతాను, అక్కడికక్కడ అరసెంటీమీటరు చొప్పున జరుపుకోవచ్చు.