నిద్ర గోలి కాని గోలి

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున కాజీపేటలో మెడికల్ షాపుకు వెళ్లి చీటీ చూపిస్తే, ముందు నిలబడ్డ పిల్లవాడు లోపలి మనిషికి వినబడేటట్టు "అన్నా, గా నిద్ర గోలీలు ఒక షీటు ఇయ్యి" అని కేకేశాడు. నా వెనుక ఉన్న ఇద్దరు నా ముఖంలోకి తొంగి చూశారు. సిగ్గు సంగతి అటుంచితే నాకు నవ్వొచ్చింది. డిప్రెషన్‌కు నాలుగు నెలలుగా నేను మింగుతున్న ఈ ఎస్సిటాలోప్రామ్ నాకు నిద్ర తెప్పించలేదు సరికదా, మొదటి వారాల్లో ఉన్న నిద్రను కూడా తుంపులు తుంపులు చేసింది. మనసు జబ్బుకు ఇచ్చే ప్రతి మందునూ నిద్ర గోలి అనడం మా వైపు అలవాటు. మా అవ్వ ఇప్పటికీ అదే అంటుంది, నేనూ దిద్దడం మానుకున్నాను.

మందు మొదలుపెట్టక ముందు రాత్రి పదింటికే కన్ను అంటుకునేది, కానీ మూడు కొట్టేసరికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేది. నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. ఆ మూడింటి చీకట్లో ముందు రోజు రాసిన తక్‌పట్టీలన్నీ, అంటే రైతుల సరుకు తూకం, ధర రాసే చీటీలన్నీ, కళ్ల ముందు వరుసగా నిలబడేవి, ఏదో ఒక రైతు మిర్చి తూకంలో అంకె తప్పు వేశానని గుండె దడదడలాడేది, తెల్లారకపోతే బాగుండునని అనిపించేది. ఇట్లా తెల్లవారక ముందే మెలకువ రావడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటని డాక్టరమ్మ చెప్పేదాకా, అది నా పిరికితనం అనుకున్నాను.

ఆమె ఒక కాగితం మీద మెట్ల లాంటి గీతలు గీసి చూపించారు. మామూలుగా నిద్రపోయిన సుమారు 90 నిమిషాలకు మొదటి విడత కలల నిద్ర వస్తుంది. డిప్రెషన్ ఉన్న చాలామందిలో అది ఇంకా ముందే తోసుకొస్తుంది, గాఢనిద్ర తగ్గుతుంది. మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనాల్లో ఒకటి సెరొటోనిన్. దాన్ని విడుదల చేసే మెదడు కణాలు కలల నిద్రలో దాదాపు మౌనంగా ఉంటాయి కాబట్టి, ఆ సెరొటోనిన్ ప్రభావాన్ని పెంచే నా మందు కలల నిద్రను వెనక్కి నెడుతుంది, కుదిస్తుంది, దాంతోపాటు కొందరిలో మధ్యమధ్య మెలకువలనూ పెంచుతుంది. నేను ఆ కొందరిలో ఒకడిని. రాత్రి భోజనం తర్వాత 10 మిల్లీగ్రాముల గోలి వేసుకున్న మొదటి రెండు వారాలు రాత్రికి ఐదుసార్లు లేచాను. అప్పుడు తోడుగా ఇచ్చిన, ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అర గోలి క్లోనజెపామ్ హాయిగానే ఉండేది, అందుకే అది అలవాటైపోతుందని ఆమె త్వరగానే తగ్గించి ఆపేశారు. అసలు గోలిని మాత్రం పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చారు. వేసుకున్న దాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే 30 గంటల దాకా పడుతుందట, అంటే పొద్దున వేసుకున్నా రాత్రి మందు రక్తంలో ఉండనే ఉంటుంది. వేళ మార్చినందుకో, వారాలు గడిచినందుకో, ఐదు మెలకువలు రెండయ్యాయి.

మధ్యాహ్నం మార్కెట్లో మిర్చి ఘాటుకు తుమ్ముతూ, పక్క దుకాణం గుమాస్తాతో కలిసి చాయ్ తాగాను. అతనిదీ నా జబ్బే, మందు వేరు. అతను వేసుకునే మిర్టాజపిన్, మెదడును మెలకువగా ఉంచే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది కాబట్టి మత్తుగా నిద్ర పట్టిస్తుంది, ఆకలీ పెంచుతుంది. చిత్రమేమిటంటే ఆ మత్తు తక్కువ మోతాదులోనే ఎక్కువ. పొద్దున ఎనిమిదైనా లేవలేకపోతున్నానని, అర్ధరాత్రి లేచి సద్దన్నం గిన్నె ఊడుస్తున్నానని, అంగీ గుండీలు పట్టడం లేదని వాపోయాడు. "నీ గోలి నాకియ్యి, నాది నువ్వు తీస్కో" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, ఇద్దరికీ ఒకే పేరు జబ్బు ఉన్నా ఒకరి మందు మరొకరికి ఎందుకు నప్పదో చాయ్ దుకాణంలో అంత బాగా అర్థమైంది.

మేడారం జాతరకు వెళ్లినప్పుడు గోలీలు ఇంట్లోనే మరిచిపోయిన సంగతి అతనికి చెప్పాను. మూడు రోజులు లేకపోయేసరికి తల తిప్పింది. మూడో రాత్రి, అన్నాళ్లు తొక్కిపెట్టిన కలలు ఒక్కసారి కట్ట తెంచుకున్నాయి. చనిపోయి ఆరేళ్లయిన బాపు బెల్లం తక్కెడ పక్కన నిలబడి, నా ఎత్తు బంగారం (జాతరలో బెల్లాన్ని అట్లాగే అంటాం) తూస్తూ "ఎన్ని కిలోలు రాసినవ్ బిడ్డా?" అని అడిగాడు. చేతికంటిన బెల్లం జిగట లేచాక కూడా పోలేదు. మందు ఆగితే అణిగిన కలల నిద్ర ఇట్లా ఎగదన్నుకొస్తుందని తర్వాత తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క కల కోసం మళ్లీ మరిచిపోవాలని నాకు రెండుసార్లు అనిపించింది. మరిచిపోలేదు.

నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, లేచాక ఏమనిపించిందో రాయమని డాక్టరమ్మ ఒక నోటుబుక్కు పెట్టించారు. ఎన్ని గంటలు పడుకున్నానన్న దాని కంటే మూడో గడినే ఆమె ముందు చూస్తారు. నవంబరు పేజీల్లో ఆ గడి నిండి అంచు మీదికి కూడా ఎక్కింది. మూడింటి మెలకువ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అవ్వ పక్క మంచం మీద నుంచి "మల్ల లేచినవా బిడ్డా?" అని అడుగుతూనే ఉంది, నేను "నీళ్లకు లేచిన" అని చెబుతూనే ఉన్నాను. నవంబరులో అది అబద్ధం.

నిన్నటి రాత్రిది ఇప్పుడే రాశాను: 3.10. దాహం. గూడ్సు బండి పోతుంటే చప్పుడును బట్టి పెట్టెలు లెక్కపెట్టాను. 42 దాకా గుర్తుంది.