ఏ డిగ్రీ పైది, ఏ డిగ్రీ కిందది

అమెరికాలో లాయరు కావాలంటే చదవాల్సిన న్యాయ డిగ్రీ జేడీ, అంటే జూరిస్ డాక్టర్. అది అయ్యాక ఇంకా చదవాలనుకుంటే ఎల్‌ఎల్‌ఎం, అంటే మాస్టర్ ఆఫ్ లాస్. ముందు డాక్టరు, ఆ తర్వాత మాస్టరు! పేరు చూసి స్థాయి తేల్చబోతే ఇలాంటి చోటే బోల్తా పడతాం. పేరు పక్కన పెట్టి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో చేరాలంటే ముందు ఏం పాసై ఉండాలి? ఇది పాసైతే తర్వాత దేంట్లో చేరొచ్చు?

మామూలు వరస చాలామందికి తెలిసిందే. స్కూలు చదువు పూర్తయ్యాక మూడు నాలుగేళ్ల బ్యాచిలర్స్, దాని మీద ఒకటి రెండేళ్ల మాస్టర్స్, చివర డాక్టరేట్. డాక్టరేట్‌కు సాధారణంగా కనీసం మూడేళ్లు, ఆరేడేళ్లు పట్టినా వింతేం కాదు. బ్యాచిలర్స్‌కు ఒక మెట్టు కింద అమెరికాలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, ఇంగ్లండులో ఫౌండేషన్ డిగ్రీ లాంటివి ఉన్నాయి. చదువుల స్థాయులకు యునెస్కో చేసిన 2011 వర్గీకరణలో ఇవి కింది నుంచి పైకి 5, 6, 7, 8 స్థాయులు. పోస్ట్‌డాక్ ఈ వరసలో లేదు. అది పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, డిగ్రీ కాదు. గౌరవ డాక్టరేట్ సత్కారం మాత్రమే, దాన్ని విద్యార్హతల గడిలో రాయకూడదు.

అన్ని మెట్లూ ఎక్కి తీరాలనీ లేదు. అమెరికాలో చాలా పీహెచ్‌డీ కోర్సులు బ్యాచిలర్స్ అయినవాళ్లను నేరుగా తీసుకుంటాయి, మాస్టర్స్ దారిలోనే ఇచ్చేస్తాయి.

మొదటి ప్రశ్న ఒక్కటీ చాలదనడానికి మన బీఈడీ చూడండి. చేరాలంటే డిగ్రీ ఉండాలి కాబట్టి అది పీజీ అని రాసేవాళ్లు బోలెడు మంది. కానీ బీఈడీ పాసయ్యాక చేరేది ఎంఈడీలో, అంటే మాస్టర్స్‌లో. కాబట్టి బీఈడీ రెండో బ్యాచిలర్స్, అంతే. డిగ్రీ తర్వాత చేసే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కూడా ఇదే కోవలోది. బ్యాచిలర్స్ రెండు ఉన్నా మూడు ఉన్నా కలిపి ఒక మాస్టర్స్ కావు.

ఎండీ దగ్గర గందరగోళం ఇంకా ఎక్కువ. అమెరికాలో బ్యాచిలర్స్ తర్వాత నాలుగేళ్లు చదివితే వచ్చే మొదటి వైద్య డిగ్రీ ఎండీ. ఇండియాలో మొదటి వైద్య డిగ్రీ ఎంబీబీఎస్. దాని మీద మూడేళ్లు చేసే స్పెషలైజేషన్‌ను ఎండీ అంటారు. బ్రిటన్‌లోనూ మొదటిది ఎంబీబీఎస్ లాంటిదే కానీ, అక్కడ ఎండీ అంటే మామూలుగా థీసిస్ రాసి తెచ్చుకునే పరిశోధన డిగ్రీ. మూడు దేశాల ఎండీలనూ ఒకే గాటన కట్టడం కుదరదు.

స్థాయి ఒకటే అయినా పరిమాణం వేరుగా ఉండొచ్చు. కోర్సులో చదువు ఎంతుందో కొలిచే లెక్కను క్రెడిట్లు అంటారు. ఇంగ్లండులో పీజీ సర్టిఫికెట్ 60 క్రెడిట్లు, పీజీ డిప్లొమా 120, పూర్తి మాస్టర్స్ 180. అక్కడి పట్టికలో మూడూ ఏడో స్థాయివే. అయినా పీజీ డిప్లొమా ఉన్నవాళ్లు మాస్టర్స్ అని రాస్తే దరఖాస్తు వెనక్కి వస్తుంది, లేదా అబద్ధం రాశారన్న మాట పడాలి.

క్రెడిట్ల అంకెను నేరుగా పోల్చడం అన్నిటికన్నా ఎక్కువ జరిగే పొరపాటు. 120 క్రెడిట్లు అంటే ఇంగ్లండులో ఒక ఏడాది చదువు. యూరప్ దేశాల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్‌లో రెండేళ్లు. ఇండియాలో యూజీసీ 2022లో తెచ్చిన కొత్త చట్రంలో మూడేళ్లు. అమెరికాలో నాలుగేళ్ల బ్యాచిలర్స్ మొత్తం! కాబట్టి పూర్తికాలం విద్యార్థికి ఏడాదికి ఎన్ని క్రెడిట్లో ముందు తెలుసుకుని, మొత్తం క్రెడిట్లను దాంతో భాగించాలి. ఈ నాలుగు చోట్లా ఆ లెక్క వరసగా 120, 60, 40, 30. జర్మనీలో 180 క్రెడిట్ల బ్యాచిలర్స్ చేసినవాళ్లది మూడేళ్ల డిగ్రీ. అమెరికా 120 కన్నా 180 పెద్దది కదా అని నాలుగేళ్ల డిగ్రీ అడిగే చోట ధీమాగా ఉంటే కష్టం.

స్థాయి అంకెలకూ ఇదే తిప్పలు. ఎనిమిదో స్థాయి అంటే ఇంగ్లండులో డాక్టరేట్, ఐర్లండులో ఆనర్స్ బ్యాచిలర్స్. ఐర్లండు మెట్లు 10 మరి. ఏ దేశపు పట్టికో రాయకుండా ఉత్త 'లెవెల్ 8' అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

దరఖాస్తు నింపేటప్పుడు డిగ్రీ పేరు సర్టిఫికెట్ మీద ఎలా ఉందో అలాగే రాయండి. 'మాస్టర్స్‌తో సమానం' అని సొంతంగా తేల్చకండి, అది దరఖాస్తు పరిశీలించేవాళ్ల పని. పక్కన కోర్సు అధికారిక కాలం, మొత్తం క్రెడిట్లు, ఏడాదికి ఎన్నో రాయండి. యూరప్‌లో చదివినవాళ్లకు డిప్లొమా సప్లిమెంట్ అని ఒక కాగితం ఇస్తారు. అందులో మూడో భాగంలో స్థాయి, కాలం, చేరడానికి కావాల్సిన అర్హత ఉంటాయి, ఐదో భాగంలో ఆ తర్వాత దేంట్లో చేరొచ్చో ఉంటుంది. మన రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే దొరుకుతుంది కాబట్టి దాన్ని తప్పక జతచేయాలి. అలాంటిది ఇవ్వని చోట చదివితే, చేరిన ఏడాది నాటి యూనివర్సిటీ నిబంధనల్లో ప్రవేశ అర్హత ఉన్న పేజీని ట్రాన్‌స్క్రిప్ట్‌తో కలిపి పంపండి. నిబంధనలు మారుతుంటాయి, ఈ ఏడాది పేజీ పెడితే పనికిరాకపోవచ్చు. పీహెచ్‌డీ ఇంకా నడుస్తుంటే పేరు ముందు డాక్టర్ వద్దు, నమోదైన తేదీ చాలు.