నాలుగు కుర్తీల డబ్బు వెనక్కి తెచ్చుకున్నాను: నా అనుభవం

పదహారేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. చెమట, చాక్‌పీస్ పొడి, రెండు పూటలా బస్సు. అందుకే కాటన్ కుర్తీలు తప్ప వేరేవి వేసుకోను. అవి కూడా దాదాపు ఎప్పుడూ ఒకే షోరూమ్‌లో కొనేదాన్ని. సిటీ నిండా బ్రాంచీలున్న పెద్ద షోరూమ్. పేరు రాయడం లేదు. ఎందుకంటే నేను చెప్పబోయేది ఈ మధ్య చాలా షాపుల్లో జరుగుతున్నదే అని నాతో పనిచేసే టీచర్లు అందరూ అంటున్నారు.

అక్కడే 2019లో కొన్న ముదురు నీలం కుర్తీ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. ఆరేళ్లు ఉతికి ఉతికి రంగు కాస్త వెలిసింది కానీ ఒక్క కుట్టు ఊడలేదు. ఆ నమ్మకంతోనే 2025 జూలై 5, శనివారం నాడు ఆషాఢం సేల్‌కి వెళ్లి అదే లేబుల్‌వి నాలుగు తీసుకున్నాను. ఒక్కోటి 899 రూపాయలు, మొత్తం 3,596. ఆరేళ్ల కిందట కూడా ఇదే రేటు. అన్నీ మండిపోతున్న రోజుల్లో ఇదొక్కటే పెరగలేదని సంతోషపడ్డాను కూడా.

ఇంటికొచ్చాక, అమ్మ నేర్పిన అలవాటు ప్రకారం, మర్నాడు రాళ్ల ఉప్పు వేసిన నీళ్లలో దేనికది విడిగా నానబెట్టి ఉతికాను. రంగు బాగానే దిగింది. కొత్త బట్ట కదా, మొదటిసారి దిగుతుందిలే అనుకున్నాను.

మంగళవారం ఎనిమిదో తరగతిలో బోర్డు పైభాగాన తేదీ రాస్తున్నాను. చెయ్యి పైకెత్తగానే చంక కింద చల్లగా గాలి తగిలింది. చున్నీ సర్దుకుని ఆ పీరియడ్ అంతా చెయ్యి ఎత్తకుండా పాఠం చెప్పాను. స్టాఫ్‌రూమ్‌లో చూసుకుంటే రెండు వేళ్లు పట్టేంత సందు. వేసుకున్నది మొదటిసారి. బిగుతుగా కూడా లేదు. నలభై మంది పిల్లల ముందు అలా నిలబడాల్సి వచ్చినందుకు నాకు కలిగిన బాధ డబ్బుతో పోయేది కాదు.

ఆదివారం మిగతా మూడూ మళ్లీ ఉతికాను. రెండో ఉతుకులో కూడా మెరూన్ కుర్తీ బకెట్ నీళ్లు నేరేడుపండు రంగుకి తిరిగాయి. అప్పుడు అనిపించింది, ఇది నా పొరపాటు కాదని.

ఆ సాయంత్రం చిరిగినదాన్ని మా వీధి టైలర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని లోపలికి తిప్పి దీపం వెలుతురులో పెట్టి చూశాడు. "కుట్టు తెగలేదక్కా, దారం మంచిగనే ఉంది. బట్ట పోగులే జరిగిపోయినయ్" అన్నాడు. చూపించాక నాకూ కనిపించింది. కుట్టు గీత అలాగే ఉంది, దాని పక్కన అడ్డపోగులు పక్కకి జారిపోయి నిలువు పోగులు దారాల్లా మిగిలాయి. నేత పల్చగా ఉండి, కుట్టు అవతల అంచు బట్ట తక్కువ వదిలితే ఇలాగే అవుతుందట. లోపలికి వేసి కుట్టమంటే, "మార్జిన్ ఏడుందక్కా? సూది పెట్టే జాగ లేదు" అన్నాడు. నిజమే, కుట్టుని ఆనుకునే ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు) కొట్టేశారు. నా పాత నీలం కుర్తీకి లోపల రెండు వైపులా ముప్పావు అంగుళం బట్ట ఉంది. లావైతే విప్పుకోవడానికి, ఇలాంటి అవసరం వస్తే సరిచేసుకోవడానికి అదే ఆధారం.

ఇంటికొచ్చి వంటింటి డిజిటల్ కాటాని బల్ల మీద పెట్టాను. పాత కుర్తీ, కొత్త కుర్తీ రెండూ ఒకే సైజు. టేపు పెట్టి కొలిస్తే పొడవు కూడా సమానం, చేతులూ అంతే. పాతది 286 గ్రాములు తూగింది. కొత్తది 198. బట్ట ఉతికినకొద్దీ నూలు కొంచెం కొంచెం పోతుంది. ఆరేళ్లు ఉతికిన కుర్తీ కన్నా వారం కిందట కొన్నది 88 గ్రాములు తక్కువ తూగిందంటే దాదాపు మూడో వంతు బట్ట మాయమైనట్టే. అదే లేబుల్, అదే ట్యాగ్, అదే 899. రేటు పెంచితే మనం చూస్తాం, ఆలోచిస్తాం, వద్దనుకుంటే మానేస్తాం. బట్ట తగ్గిస్తే హ్యాంగర్ మీద ఎవరికీ కనిపించదు. నాకు కోపం తెప్పించింది ఇదే. నూలు ధర పెరిగింది, కూలి పెరిగింది, అది నాకు అర్థమవుతుంది. పన్నెండు వందలు పెట్టి పాత బట్టే ఇవ్వండి, కొనుక్కుంటాను. నాకు చెప్పకుండా నా బట్టలోంచి కోసుకోవద్దు.

రెండింటినీ కాటా మీద పెట్టి అంకెలు కనపడేలా ఫోటోలు తీశాను. చిరిగిన చోటు, బకెట్ నీళ్లు, లేబుల్, బిల్లు అన్నీ తీశాను. బిల్లుని ముందు ఫోటో తీయడం మంచిదైంది. థర్మల్ కాగితం మీద అచ్చు నెల తిరక్కుండానే వెలిసిపోయింది.

సోమవారం, జూలై 14న స్కూల్ అయ్యాక షోరూమ్‌కి వెళ్లాను. బిల్లు కింద "15 రోజుల్లో ఎక్స్‌ఛేంజ్ మాత్రమే, రిఫండ్ లేదు" అని ఉంది. అప్పటికి తొమ్మిదో రోజు. కౌంటర్‌లో అబ్బాయి ముందు సేల్ ఐటమ్‌కి ఎక్స్‌ఛేంజ్ లేదన్నాడు. అలా ఎక్కడ రాసుందో చూపించమంటే మేనేజర్‌ని పిలిచాడు. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు.

"మెషీన్‌లో వేశారా మేడం? డార్క్ కలర్స్ కదా, చేత్తో ఉతకాలి."

లేబుల్ తిప్పి చూపించాను. తొట్టి బొమ్మ, అందులో 30 అని అంకె. చేత్తోనే ఉతకాలంటే తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటుంది. ఇక్కడ లేదు. అంటే 30 డిగ్రీల లోపు నీళ్లలో మెషీన్‌లో వేయొచ్చని వాళ్లే చెప్పారు. నేను మాత్రం విడివిడిగా, చేత్తోనే ఉతికాను.

"కాటన్ అంటేనే కొంచెం రంగు పోతుంది మేడం."

అప్పుడు ఒక పని చేశాను. చేస్తానని ముందు అనుకోలేదు. వాళ్ల ర్యాక్ మీంచి అదే డిజైన్ మెరూన్ కుర్తీ కొత్తది ఒకటి తెచ్చి కౌంటర్ మీద పరిచాను. నా తెల్ల చేతిరుమాలు బాటిల్ నీళ్లతో తడిపి, వేలికి చుట్టుకుని, కుర్తీ లోపలి అంచు మీద పదిసార్లు రుద్దాను. రుమాలు మీద బొటనవేలంత మెరూన్ మచ్చ పడింది. పక్కన బిల్లు వేయించుకుంటున్న ఆవిడ తన చేతిలో ఉన్నవాటిని ఒకసారి చూసుకుంది. మేనేజర్ నన్ను పక్కన కుర్చీలో కూర్చోమన్నాడు.

బట్టల మిల్లుల్లో ఈ పరీక్షే ఒక చిన్న యంత్రంతో చేసి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారని తర్వాత తెలుసుకున్నాను. 5 అంటే తెల్లబట్టకి రంగు అంటలేదని అర్థం. ముదురు రంగులకి తడి మీద మార్కులు కొంచెం తక్కువే వస్తాయి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ రెండు ఉతుకుల తర్వాత కూడా బకెట్ నిండా దిగుతుంటే కారణం వేరే. నూలు బట్టకి అద్దకం అయ్యాక, పోగుకి పట్టుకోకుండా పైపైన మిగిలిన రంగుని వేడి సబ్బు నీళ్లలో మళ్లీ మళ్లీ కడిగి తీసేయాలి. దానికి నీళ్లు, వేడి, టైమ్ అన్నీ కావాలి. ఖర్చు తగ్గించాలంటే ముందు చెయ్యి పడేది అక్కడే. వాళ్లు అక్కడ కడగని రంగునే మనం మన బకెట్లో కడుక్కుంటున్నాం.

మేనేజర్ చివరికి 3,596కి క్రెడిట్ నోట్ ఇస్తానన్నాడు, మూడు నెలల్లో వాడుకోవాలి. మా ఆయన ఫోన్‌లో "తీసేసుకో, వదిలెయ్, టెన్షన్ ఎందుకు" అన్నారు. ఒక్క నిమిషం నేనూ ఊగాను. కానీ ఆ నోటుతో మళ్లీ కొనుక్కోవాల్సింది ఆ ర్యాక్ మీదున్న బట్టలే కదా. డబ్బే కావాలని చెప్పి, కుర్తీలు ఇవ్వకుండా, నేను వచ్చి ఫిర్యాదు చేసినట్టు బిల్లు వెనక తేదీ వేసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. తర్వాత అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ సంతకమే. గడువు లోపలే వెళ్లానని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

మర్నాడు వాళ్ల హెడ్ ఆఫీస్‌కి ఫోటోలన్నీ పెట్టి మెయిల్ రాశాను. వారం రోజులు జవాబు లేదు.

జూలై 23న 1915కి ఫోన్ చేశాను. అది కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ నడిపే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, కాల్ ఫ్రీ. తెలుగులోనే మాట్లాడారు. బిల్లు నంబర్, తేదీ, షాపు పేరు, నాకు ఏం కావాలో అడిగారు. "ఏం కావాలి" అనేదానికి సూటిగా చెప్పడం ముఖ్యం. "న్యాయం కావాలి" అంటే వాళ్లు మాత్రం ఏం రాసుకుంటారు? నాలుగు కుర్తీలు వాపసు తీసుకుని 3,596 రూపాయలు నా అకౌంట్‌లో వేయాలి అని చెప్పాను. వెంటనే ఫిర్యాదు నంబర్‌తో మెసేజ్ వచ్చింది. వాళ్లు కోర్టు కాదు, తీర్పు ఇవ్వరు. ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతే. కానీ నా మెయిల్‌కి పలకని కంపెనీ దీనికి పలికింది.

ఈలోపు చట్టం కూడా చదివాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47). లోపమున్న వస్తువుని, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చారు. నచ్చలేదనో సైజు చాలలేదనో వెళ్తే ఇది వర్తించదు, అప్పుడు షాపు దయ. లోపం ఉంటే మాత్రం "రిఫండ్ లేదు" అని అచ్చు వేసినంత మాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. హెల్ప్‌లైన్‌తో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని కూడా నిర్ణయించుకున్నాను. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా వేయొచ్చు, రెండేళ్ల దాకా టైముంది. లోపం పైకి తేలనిదైతే బట్టని ల్యాబ్‌కి పంపించే అధికారం కమిషన్‌కి ఉంది. అందుకే ఆ నాలుగింటినీ కత్తెర పెట్టకుండా, టైలర్‌తో కుట్టించకుండా, ట్యాగులతో సహా ఒక కవర్లో దాచాను. చిరిగింది కదా అని సరిచేయించుకుంటే రుజువు పోయేది.

జూలై 30న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. గుడ్‌విల్ కింద డబ్బు ఇస్తాం, ఫిర్యాదు క్లోజ్ చేయండి అన్నారు. గుడ్‌విల్ అని కాదు, బట్టలో లోపం ఉందని రాయండి అని అడిగాను. ఆ మాట మాత్రం రాయలేదు. నేను కూడా డబ్బు పడ్డాకే క్లోజ్ చేస్తానన్నాను. ఆగస్టు 11న 3,596 రూపాయలు అకౌంట్‌లో పడ్డాయి. ఏ కారణంతో తిరిగి ఇచ్చారో హెల్ప్‌లైన్ ఫీడ్‌బ్యాక్‌లో నేనే రాశాను.

అంతకు వారం ముందు కుర్తీలు అప్పజెప్పడానికి షోరూమ్‌కి వెళ్లినప్పుడు, అదే మెరూన్ డిజైన్ ఇంకా వేలాడుతోంది. ఇప్పుడు 699. కాలేజీ అమ్మాయి ఒకతి ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకుంటోంది. వెళ్లిపోదామనుకున్నాను కానీ కాళ్లు కదల్లేదు.

"లోపలికి తిప్పి చూడమ్మా" అన్నాను.

"ఎక్కడ చూడాలి ఆంటీ?"

చంక దగ్గర కుట్టుకి అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగాను. పోగులు విడిపోయి, సందులోంచి షాపు లైట్ వెలుతురు కనిపించింది.